కుక్క బొమ్మ ఉన్న సీసా

నేను ఒక మందు సీసాను. ఒక ప్రాణం తీశాను. నా మీద కేసు లేదు.

కుక్కల ఒంటి మీది పిడుదులను చంపడానికి నన్ను తయారుచేశారు. నా ముందువైపు పెద్ద కుక్క బొమ్మ. వెనక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక హెచ్చరిక. బొమ్మను అందరూ చూశారు.

భీమిలిలో రిటైరైన లైన్‌మన్ గురుమూర్తి తన కుక్కకు నన్ను సగం వాడి, మిగతాది గూట్లో పెట్టాడు. పక్కింటి మరిడమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె సరుకును ఎలుకల బారి నుంచి కాపాడేది చుక్కి అనే పిల్లి. ఆ ఇంట్లో ఆమె మాటకు బదులు పలికేదీ అదే. దానికి ఒక కూన. చుక్కి చెవి వెనక గుండ్రంగా బొచ్చు ఊడింది. తర్వాత మెడ మీద. పొట్టు రాలడం మొదలై మూడు వారాలైంది.

"పశువులాసుపత్రికి తీసుకెల్దునా, అన్నా?" అని అడిగింది మరిడమ్మ.

గురుమూర్తి పకపకా నవ్వాడు. "ఆవులూ గేదెలూ ఉండే వరసలో పిల్లినెత్తుకుని నిలబడతావేటమ్మా? ఊరంతా నవ్వుతాది. ఇదిగో, నా కుక్కకి రెండ్రోజుల్లో తగ్గిపోనాది. దీనికి తగ్గదేటి?"

జాలితోనే నన్ను ఇచ్చాడు. మంచివాళ్ల చేతుల్లో నేను మరీ ప్రమాదం.

మరిడమ్మ నన్ను చుక్కి మెడంతా పట్టించింది. పిల్లి ఒళ్లు నాక్కుంది. మధ్యాహ్నానికి చొంగ, వణుకు, ఆ తర్వాత కాళ్లు కొట్టుకోవడం. చేపల బుట్టలో చుక్కిని, సంచిలో నన్ను వేసుకుని ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది.

"ఏం రాశారమ్మా?" డాక్టరు హిమజ అడిగింది.

"ఏటీ రాయలేదమ్మా." సిగ్గుతో సంచి మూతిని బిగించి పట్టుకుంది.

"చెబితేనే కదా కడగాలో వద్దో తెలిసేది. ఏం రాశారు?"

"ఏటీ లేదమ్మా."

రెండడుగుల దూరంలో ఉన్నాను. అరుద్దామంటే నాకు నోరు లేదు, మూత ఉంది. చుక్కి మూడోసారి కొట్టుకున్నాక మరిడమ్మ నన్ను తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు నన్ను తిప్పి, పైకే తెలుగులో చదివింది. "పిల్లులకు వాడరాదు."

సబ్బుతో కడిగారు. సూదులు వేశారు. నాలుగింటికి చుక్కి కదలడం మానేసింది.

డాక్టరు ఊడిన వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో పెట్టి చూసింది. తర్వాత మరిడమ్మ గాజులు పైకి తోసింది. మణికట్టు మీద గుండ్రటి ఎర్ర మచ్చ.

"ఇద్దరికీ వచ్చింది తామరే. మందుకు తగ్గే జబ్బు. మీరూ చూపించుకోండి."

చుక్కి ఒంటి మీద ఒక్క పిడుదూ లేదు. నాకు అక్కడ పనే లేదు.

వారం తర్వాత మరిడమ్మ మళ్లీ వచ్చింది. బుట్టలో చుక్కి కూన. చెవి మీద పావలా అంత మచ్చ. వరసలో ముందు గేదె, వెనక ఆవు. ఎవరో నవ్వారు.

"నవ్వండి నాయనా, నవ్వండి," అని ఆమె కూనను బల్ల మీద పెట్టింది. "దీనికి నానేటీ రాయలేదమ్మా. ఈసారి నిజం."

ఆ కూనకు బొచ్చు మళ్లీ వచ్చింది.

నేను డాక్టరు బల్ల మీదే ఉండిపోయాను. మూతకు టేపు చుట్టి, ఆవిడ పిల్లిని తెచ్చిన ప్రతివాళ్లకూ నా వెనకవైపు చూపిస్తుంది. మొన్న గురుమూర్తి తన కుక్క మందు కోసం వచ్చాడు. నన్ను చూశాడు. కొత్త సీసా చేతికి రాగానే జేబులోంచి కళ్లజోడు తీసి, దాన్ని వెనక్కి తిప్పాడు.