మోకాళ్ళ దిండు

ఏడాది చివరి రోజు పొద్దున పదకొండింటికి కుట్టుమిషనావిడ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఒక కాగితం పొట్లం ప్రార్థనమ్మ చేతిలో పెట్టింది.

"విప్పండక్కా. కొలత కుదిరిందో లేదో చూడాలి."

నాకు తెలీకుండా నా కొలత ఎప్పుడు తీసిందబ్బా అనుకుంటూ ప్రార్థనమ్మ దారం లాగింది. లోపలి నుంచి ముదురు నీలం మఖమలు దిండు బయటపడింది. తల కింద పెట్టుకునేది కాదు, కుర్చీలో వేసుకునేదీ కాదు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. మధ్యలో నిలువుగా కుట్టు వేసి దాన్ని రెండు గూళ్ళు చేసింది.

"ఒక్కో మోకాలికి ఒక్కో గూడు. మా ఆయన కోసం మోకాళ్ళు అరగదీసుకున్నారు కదా, ఇక మీదటైనా మెత్తగా ఉండాలి. రేపు పొద్దున ఆరాధనలో నేను సాక్ష్యం చెప్తున్నా. పాస్టరయ్యగారు ఐదు నిమిషాలిచ్చారు. అందులో మూడు మీ గురించే."

"నా గురించి ఎందుకమ్మా..."

"అదిగో, ఇలాగే అంటారని ఆయనతో పందెం కూడా కాశాను!" అని నవ్వుతూ ఆవిడ మెట్లు దిగిపోయింది. ఊళ్ళో అందరికీ కొత్త బట్టలు రేపటికే కావాలి మరి.

ప్రార్థనమ్మ దిండుని లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

ఆమెకు ఆ పేరు సంఘంలోని వాళ్ళు పెట్టిందే. ఎవరింట్లో జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా, మొగుడూ పెళ్ళాం మాటలు మానేసినా ముందు ఆమెకే కబురు. "చేస్తానమ్మా, చేస్తాను" అనేది. చాలాసార్లు చేసేది కూడా. కూర కలుపుతూనో బస్సులో కిటికీ పక్కన కూర్చునో అయినా సరే, చేసేది.

రెండు నెలల క్రితం కుట్టుమిషనావిడ భర్తకు పేగులో అడ్డం పడితే ఆపరేషనన్నారు. ఆ రోజు తొమ్మిది నుంచి ఐదు దాకా గంటకొకరు చొప్పున ప్రార్థనలో ఉండాలని అయ్యగారు గుడి తలుపుకు కాగితం అంటించారు. రెండు నుంచి మూడు ఖాళీగా మిగిలింది. "అన్నం తిన్నాక కళ్ళు మూతలు పడే వేళ, ఎవరు నిలబడతారు? నేనుంటాను" అని అందరూ వినేట్టు చెప్పి మరీ ప్రార్థనమ్మ తన పేరు రాసుకుంది.

ఆ రోజు రెండు కొట్టగానే మోకాళ్ళూనింది కూడా. గచ్చు గట్టిగా తగిలింది. మడతపెట్టిన దుప్పటి తెచ్చుకుందామని లేచింది. ఫోను మోగింది. అవతల సొంత చెల్లెలు. కొత్త కోడలు సోఫా మార్చేసిందట, పాత సోఫాని అత్తగారి గదిలోకి తోసేసిందట. అమ్మమ్మా అని ఈమె, అవును మరి అని ఆమె. ఒకచోట ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. గోడ గడియారం మూడు కొట్టింది.

నాలుగింటికి మళ్ళీ ఫోను, ఈసారి కుట్టుమిషనావిడ. "రెండుంబావుకి రక్తం ఆగలేదటక్కా. రెండున్నరకి ఆగిందట. మీ గంటలోనే! మీ గంటలోనే అక్కా!"

"దేవునికి స్తోత్రం" అంది ప్రార్థనమ్మ.

అది అబద్ధం కాదు. రెండు నెలలుగా ఆ మాట చాటునే దాక్కుంది. ఇప్పుడు ఈ దిండు వచ్చి ఆ చాటు కాస్తా లాగేసింది.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కిటికీ దగ్గర కంటికి అద్దం తగిలించుకుని కూర్చున్న ఆయనకు జరిగిందంతా చెప్పింది. ఆయన అద్దం తీయకుండానే విన్నాడు.

"సరే, మనిషి బతికాడు కదా. ఇప్పుడు చెప్తే ఆవిడ నమ్మకం కాస్తా చెడుతుందేమో."

"అతను పోయుంటే ఏమయ్యేదండీ? నీ గంటలో ఏం చేశావని ఆవిడ నన్ను అడిగేది కాదు. నేనూ చెప్పేదాన్ని కాదు. పైగా తెల్లచీర కట్టుకెళ్ళి ఓదార్చి వచ్చేదాన్ని."

ఆయన అద్దం తీశాడు. "నేనైతే బాగవ్వని గడియారాన్ని బాగైందని ఇవ్వలేను. వాళ్ళింటికెళ్ళాక ఆగిపోతుంది" అన్నాడు.

ప్రార్థనమ్మ అన్నం వండుతూ ఆలోచించింది. నేను కాపాడాలనుకుంటున్నది ఆవిడ నమ్మకాన్నా, నా పేరునా? దేవుణ్ణి అడగబోయింది గానీ, అడగడానికి ముఖం చెల్లలేదు. చివరికి పొట్లం మళ్ళీ కట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరింది.

కొట్టు నిండా వేలాడే బట్టలే. కుట్టుమిషనావిడ నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని మిషను తొక్కుతోంది. పొట్లం చూడగానే సూదులు తీసి, "బిగుతైందా?" అంది.

"నేను ఆ గంట ప్రార్థన చెయ్యలేదు చెల్లీ."

మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏ గంట?"

"నా గంటే. ఫోనులో మా చెల్లెలితో మాట్లాడుతూ కూర్చున్నాను. సోఫా గురించి."

సోఫా గురించి అని చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ చెప్పడానికే వచ్చినప్పుడు సగం చెప్పి రావడమెందుకని చెప్పేసింది.

కుట్టుమిషనావిడ గుడ్డ అంచు సరిచేసింది. "ఆ ముందు రాత్రంతా నాకు కునుకు లేదక్కా," అంది మెల్లగా. "ఆసుపత్రి వరండాలో కాగితం చూసుకున్నా. రెండు నుంచి మూడు మీరు. హమ్మయ్య, ఇది అక్క గంట, నేను లేకపోయినా ఫరవాలేదు అనుకుని గోడకి తల ఆనించి నిద్రపోయా. డాక్టరొచ్చి తట్టి లేపితే లేచా."

ప్రార్థనమ్మకు తల కొట్టేసినట్టయింది.

"అంటే ఆ గంట..." అని ఆవిడ ఆగిపోయింది. మళ్ళీ తనే, "రెండు నెలలు! ఇంటికొచ్చారు, మా ఆయన చేతి కాఫీ తాగారు. అప్పుడు నోరు రాలేదా?"

"రాలేదు."

"ఇప్పుడు నేను రేపు నిలబడి ఏం చెప్పాలి?"

"నీ ఇష్టం. నా పేరు మాత్రం అలా చెప్పకు." పొట్లం బల్ల మీద పెట్టింది.

"అది తీసుకెళ్ళండి," అంది ఆవిడ తల తిప్పకుండా. "ఆ కొలతకి ఇంకెవరి మోకాళ్ళూ రావు." మిషను మళ్ళీ మొదలైంది.

కొత్త సంవత్సరం పొద్దున గుడి కిటకిటలాడింది. కొత్త బట్టల గరగర, పిల్లల గోల. భర్త పక్కన ప్రార్థనమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ముందు వరుసలో ఒకాయన ఇల్లు కట్టుకున్నందుకు కృతజ్ఞత చెప్పాడు. ఇంకొకామె కొడుక్కి ఉద్యోగం వచ్చినందుకు చెప్పింది. తర్వాత కుట్టుమిషనావిడ లేచింది. పక్కన ఆమె భర్త, చిక్కిపోయి, వదులైన చొక్కాలో, బతికి ఉన్నాడు.

"ఆ రోజు రెండు నుంచి మూడు మధ్యలో మా ఆయన ప్రాణం పోవాల్సింది," అంది. "అందరూ ప్రార్థన చేస్తున్నారనుకున్నా. నేను మాత్రం నిద్రపోయాను. ఆ మాట నిన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. అయినా ఆయన బతికాడు. ఎందుకు బతికాడో నాకు తెలీదు. స్తోత్రం చెప్పుకోవడం తప్ప నాకింకేం తోచట్లేదు." ఎవరి పేరూ ఎత్తలేదు. ఎవరి వైపూ చూడలేదు. కూర్చుంది.

పేరు ఎత్తలేదు కాబట్టి ప్రార్థనమ్మ బతికిపోయింది. ఇక కదలకుండా ఉంటే చాలు. కానీ అలా బతికిపోవడమే ఆమె తట్టుకోలేకపోయింది. లేచి నిలబడింది.

"ఆ గంట నాది," అంది. "నేనూ చెయ్యలేదు. ఫోను మాట్లాడుతున్నాను."

వెనక బల్లలో ఎవరో దగ్గారు. అయ్యగారు తల వంచుకున్నారు. ప్రార్థనమ్మ కూర్చుంటే, భర్త ఆమె చేతిలోని కొంగు నెమ్మదిగా విడిపించాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చాలామంది ఆమెకు శుభాకాంక్షలు చెప్పారు. ఎప్పటిలా ఎవరూ ఆగి, మా కోసం ప్రార్థన చెయ్యండని అడగలేదు. ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే పక్కన కుట్టుమిషనావిడ వచ్చి నిలబడింది.

"పదో తారీఖున ఈయనకి మళ్ళీ పరీక్షలు. రెండింటికి," అంది, ముఖం ఇంకా బిగించుకునే.

"నా గంటేనా?"

"మీదే. కానీ మీ ఇంట్లో కాదు. ఆసుపత్రికి వచ్చి నా పక్కన కూర్చోండి. ఈసారి నేను నిద్రపోతే మీరు లేపాలి, మీరు ఫోను తీస్తే నేను లాక్కోవాలి."

"ఫోను ఇంట్లోనే పెట్టొస్తాను."

"దిండు తెచ్చుకోండి. అక్కడి గచ్చు ఇంకా గట్టిది," అని, ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని, అతని నడక ఎంత మెల్లగా ఉంటే అంత మెల్లగా మెట్లు దిగింది.