మూడో ప్రకటన

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఆరేళ్లు కోత మిషన్ పక్కన నిలబడ్డాను. దాని గోలకు నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఈ సంగతి మా పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. టీకి పిలవాలన్నా టీకొట్టు నాగులన్న నా చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చి పిలుస్తాడు.

తెలియనిది శ్యాంసన్ ఒక్కడికే. త్రిపురాంతకం మనిషి, మా పలకల లోడు తోలే లారీ డ్రైవరు. నా భర్త పోయి అయిదేళ్లు. ఏడాదిగా శ్యాంసన్ మా ఇంటికి వస్తున్నాడు. దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ఎడమ చెవిలోనే ఏదో గుసగుసలాడేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! అయినా నేను చెప్పలేదు. వినపడని మాటలన్నీ నాకు కావలసినట్టు నేనే అల్లుకున్నాను. ఒకరోజు ‘నీకు నేనున్నా’ అన్నాడనుకున్నాను. ఇంకోరోజు ‘అలసిపోయినావా’ అన్నాడనుకున్నాను. అతను ముట్టుకుంటే నాకూ ఒళ్లు పులకరించేది, అబద్ధమెందుకు? ఆ పులకరింతకే ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

చర్చిలో మా పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడోసారి కూడా చదివేస్తే ఇక పెళ్లే. ఆ మూడో ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం శ్యాంసన్ వచ్చాడు. మళ్లీ ఎడమ చెవిలోనే గుసగుస. పెళ్లాం కాబోతున్నాను కదా, ఆ మాట నిజంగా వినాలనిపించింది.

“ఆ చెవి వినపడదు. ఇటు చెప్పు,” అన్నాను.

“ఎప్పటినుంచి?”

“నువ్వు రాకముందు నుంచే.”

పకపకా నవ్వాడు. “చెవితో నాకేం పని ఫెబీ?” అంటూ నడుము పట్టుకున్నాడు.

“మరి ఇన్నాళ్లూ ఏం చెప్పినావు?”

“ఏందో ఒకటి. ఆ టైంలో ఏమన్నామో ఎవురికి గుర్తుంటాది?”

అతని చెయ్యి తీసేశాను. తలనొప్పని చెప్పి పంపేశాను. లారీ వెళ్లిపోయాక కూర్చుని ఏడ్చాను. ఏడాదిపాటు నాతో మాట్లాడుకున్నది నేనే.

ఆదివారం మగాళ్ల వరసలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎంత బాగున్నాడో! పాస్టరయ్యగారు మా ఇద్దరి పేర్లూ చదివి, “ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి,” అన్నారు.

లేచి నిలబడ్డాను. “నాకుంది అయ్యగారూ.”

ఆడవాళ్లలో చిన్నగా నవ్వులు. పాపం, ఫెబీకి సరిగ్గా వినపడలేదనుకున్నారు. అయ్యగారూ అలాగే అనుకున్నారు. మైకు దగ్గరికి లాక్కుని, మొదటినుంచీ మళ్లీ గట్టిగా చదివారు.

శ్యాంసన్ వైపు చూశాను. ఒళ్లు ఇంకా అటే లాగుతోంది.

“మొదటిసారే వినపడింది అయ్యగారూ,” అన్నాను.