తంతిలో ఒక్క అక్షరం

కాటన్‌పేటలోని ఆ వీధిలో ఎవరికి ఇంగ్లీషు తంతి వచ్చినా శ్రీనివాసులు దగ్గరికే తెచ్చేవాళ్ళు. అతను మిల్లు ఆఫీసులో గుమాస్తా. ఆ పెద్దరికం అతనికి ఇష్టం. సింగపూరు జపాను వాళ్ళ చేతికి చిక్కిన ఏడు, వానాకాలంలో, పక్కింటి అక్కయమ్మ ఒక తంతి పట్టుకొని అత్తతో కలిసి వచ్చింది. ఆమె భర్త సొన్నప్ప సింగపూరులో ఒక గుడ్డల కంపెనీ గోదాము చూసుకునేవాడు.

అరుగు మీద జనం చేరారు. శ్రీనివాసులు కళ్ళజోడు కోసం లోపలికి పోలేదు. ‘ఇంటర్డ్’ అని చదివాడు. కంటోన్మెంటులో దొరల సమాధుల మీద చూసి నేర్చుకున్న మాట అది.

“మట్టి చేసేసినారంటమ్మా.”

అక్కయమ్మ గాజులు పగలగొట్టారు. కర్మలూ జరిపించారు.

కార్తీకంలో అతను ఆఫీసులో పేపరు చూస్తుంటే, ఊరి పక్క జాలహళ్ళి క్యాంపులోని ఇటలీ యుద్ధఖైదీల వార్తలో అదే మాట కనిపించింది. ఆ ఖైదీలు లారీల్లో పాడుకుంటూ పోవడం అతను కళ్ళారా చూశాడు. బతికున్నవాళ్ళను పూడ్చడమేమిటని కళ్ళజోడు సర్దుకొని మళ్ళీ చదివాడు. అది ‘ఇంటర్న్డ్’. రెండో ఆర్ అనుకున్న చోట ఉన్నది ఎన్.

డిక్షనరీ తీశాడు. రెండు మాటలూ లాటిన్ నుంచి వచ్చినవే. ‘ఇంటర్డ్’లో ఉన్నది ‘టెర్రా’, అంటే నేల. మట్టిలో పెట్టడం. ‘ఇంటర్న్డ్’ ‘ఇంటర్నస్’ నుంచి పుట్టింది, అంటే లోపలిది. మనిషిని బయటికి పోనీకుండా ఉంచడం. 

నేరుగా అక్కయమ్మ ఇంటికి పోయి తంతి అడిగాడు. అందులోనూ ఆ చోట ఎన్ స్పష్టంగా ఉంది.

“తప్పు చదివినానమ్మా. సొన్నప్పను క్యాంపులో పెట్టినారు. సచ్చిపోయినాడని దీంట్లో లేదు.”

ఆమె తన బోసి చేతుల వైపు చూసుకుంది. “ఇంకొకరి చేత సదివించన్నా,” అంది మెల్లగా.

అతను పోయి బడిలో ఇంగ్లీషు చెప్పే గురప్ప మేష్టరును పిలుచుకొచ్చాడు. మేష్టరు లోపల తంతి చదువుతున్నంతసేపూ శ్రీనివాసులు గడప తొక్కకుండా వీధిలోనే నిలబడ్డాడు. మేష్టరు కూడా క్యాంపనే చెప్పాక, అక్కయమ్మ అత్త మునివెంకటమ్మ బయటికొచ్చింది.

“తెలీదని చెప్పింటే సరిపోయేది కదప్పా,” అంది. 

యుద్ధం ముగిశాక సొన్నప్ప ఎముకల గూడై తిరిగొచ్చాడు. పలకరించడానికి ఇంటికొచ్చిన శ్రీనివాసులును చూసి పెద్దగా నవ్వాడు.

“నన్ను పూడ్చిపెట్టేసినావంట కదన్నా?”

శ్రీనివాసులు కూడా నవ్వబోయాడు. సొన్నప్ప వెనక నిలబడిన అక్కయమ్మ నవ్వడం లేదు. అతను తల దించుకొని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, వీధిలోకి నడిచాడు.