పొగిడినందుకొచ్చిన అలక

నేను ఒక ఢోలక్‌ని. మృదంగాన్ని కాను, తబలాని కాను, నా కోసం ఎవరూ టికెట్ కొనరు. ఆడవాళ్ళు చాప మీద కూర్చుని, నన్ను మోకాలి కింద అదిమిపట్టి, ఎదురుగా ఉన్న ఇంకో ఆడమనిషిని పాటలో తిట్టడానికి వాడుకునే వాద్యాన్ని. నాకేం బాధ లేదు.

నా ఒళ్ళు కాపు తగ్గిన ఒక మామిడిచెట్టు. నా రెండు తోళ్ళు రెండు వేర్వేరు మేకలవి. బతికుండగా అవి ఒకదాని మొహం ఒకటి చూశాయో లేదో తెలీదు. నన్ను తయారుచేసిన ముసలాయన మాత్రం రెంటినీ ఒకే తాడుతో లాగి కట్టాడు. తాడుకున్న ఇత్తడి కడియాలు ముందుకు తోస్తే బిగుస్తాను, వెనక్కి లాగితే వదులవుతాను. యూజర్ మాన్యువల్ మొత్తం ఇంతే. అయినా కొత్తవాళ్ళు నన్ను పట్టుకుని ఆన్ బటన్ ఎక్కడా అన్నట్టు చూస్తారు.

బిల్కీస్ పెళ్ళి సామానుతో పాటు నిజామాబాద్ వైపు ఒక చిన్న ఊరికి వచ్చాను. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చక్కెర జబ్బు మాత్రం మిగిలిన ఊరు. అక్కడ ఏ నిఖా జరిగినా ముందు రోజు సాయంత్రం బిల్కీస్ పాట ఉండాల్సిందే. ఆ పాటలో తిట్లకి ఒక పద్ధతుంది. ముందు సమ్ధన్, అంటే వియ్యపురాలు. ఆవిడకి తిట్లలో పెద్ద వాటా. తర్వాత ఆడపడుచులు, తోడికోడళ్ళు, ఆ తర్వాత ఇరుగుపొరుగు. పాటలో పేరు వచ్చిందంటే మనింటి మనిషని లెక్క. రాలేదంటే, బిర్యానీ తిని వెళ్ళిపోయే మనిషని.

పక్కింట్లో అనసూయ ఉండేది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అనసూయకి పాట రాదు. ఒకసారి ప్రయత్నిస్తే గోడ మీద పిల్లి దిగి వెళ్ళిపోయింది. కానీ ఆమె లేకపోతే నాకు గొంతే లేదు. వానాకాలంలో తోలు చెమ్మెక్కి, జలుబు చేసినట్టు పలుకుతాను. అప్పుడు బిల్కీస్ నన్ను గోడ మీంచి అందించేది. అనసూయ తన పెరట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని, బాలింత బిడ్డకి సాంబ్రాణి పొగ పట్టినట్టు నన్ను నిప్పుల సెగకి అటూ ఇటూ తిప్పేది. వేలితో కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు వెనక్కిచ్చేది. దానికి ప్రతిఫలం ఆ సాయంత్రమే అందేది.

"మజ్జిగ మాంగే తో పానీ ఇస్తది మా అనసూయా,
పానీ మాంగే తో బిందె దాస్తది మా అనసూయా."

సగం తెలుగు, సగం దక్కనీ, మొత్తం అబద్ధం. అనసూయ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.

ఇలా ఏళ్ళు గడిచాక, ఎక్కడో, ఎవరి ఊళ్ళోనో తీసిన ఒక వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఎవరు ఎవరిని కొడుతున్నారో సరిగ్గా కనబడదు. కానీ ఏ మతంవాళ్ళు ఎవరిని కొట్టారో మాత్రం కింద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. మా గల్లీలో ఎవరూ కొట్టుకోలేదు. అంతకన్నా దారుణం జరిగింది. అందరూ మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ వానల్లోనే బిల్కీస్ కూతురు నౌషీన్ పెళ్ళి కుదిరింది. పాటల రోజున బిల్కీస్ నన్ను గోడ మీంచి అందించలేదు. తనే గ్యాస్ పొయ్యి మీద పెట్టింది. నా అంచు చుర్రుమంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

"అనసూయ పిన్నికి ఇయ్యచ్చు గదా అమ్మీ," అంది నౌషీన్.

"ఎందుకు బేటీ, ఇప్పుడు తనకు తిప్పలు."

సాయంత్రం వియ్యపురాలు అయింది, తోడికోడళ్ళు అయ్యారు, అనసూయ వంతు వచ్చింది. చుట్టూ ఫోన్లు లేచి ఉన్నాయి. బిల్కీస్ వేళ్ళు నా మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత పాడింది: మా అనసూయ బంగారం, మా అనసూయ మనసు వెన్న. అందరూ చప్పట్లు కొట్టారు. అనసూయ కూడా కొట్టింది, ప్రసంగం అయ్యాక కొడతారే, అలా.

నేను వేలాడేది ఆ మధ్యగోడకున్న మేకుకే కాబట్టి తర్వాతి సంగతి కూడా నా చెవిన పడింది.

"అప్పుడే అయిపోయినయా పాటలు?" అన్నాడు అనసూయ భర్త.

"అయిపోయినయి. నన్ను బంగారం అన్నది."

"మంచిదే గదనే."

"ఏం మంచిది? తోడికోడలినేమో నోరు గాదు మురికి మోరీ అన్నది. నాకేమో బంగారమంట. నేనేమన్న సుట్టపుసూపుకు పోయిన్నా?"

గోడకి ఇవతల బిల్కీస్ కూతురికి సంజాయిషీ ఇచ్చుకుంటోంది. "ఎవరన్న ఫోన్ల పట్టి, సూడు ఆమెను ఎట్ల తిడ్తున్రో అని పంపిస్తే? వాళ్ళోళ్ళతోని మాటలు పడేది అనసూయనే గదా."

ఒకే గోడ. ఒక్క ఇటుక ఖాళీగా ఉన్నా మాట అటువైపు చేరేది. చేరలేదు.

కొన్నాళ్ళకి ఊరి పెద్దలు సాంస్కృతిక సద్భావన సభ పెట్టారు. నన్ను తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. దండ ఎలాంటివాళ్ళకి వేస్తారో తెలుసు కాబట్టి బతికే ఉన్నానా అని కాసేపు నాకే అనుమానం వచ్చింది. కళలు మనుషుల్ని కలుపుతాయని ఒకరి తర్వాత ఒకరు మైకులో చెప్పారు. టైమైపోయిందని పాట మాత్రం పెట్టలేదు. బిల్కీస్‌కి శాలువా కప్పారు. దిగివస్తూ ఆమె అనసూయకి నమస్తే పెట్టింది, అనసూయ ఆదాబ్ అంది. అన్నేళ్ళలో వాళ్ళు ఒకరికొకరు దండాలు పెట్టుకోవడం అదే మొదలు. నా తోలు వేసవిలో కూడా చల్లబడింది.

మరుసటి శ్రావణంలో అనసూయ కూతురు హారిక పెళ్ళి. బిల్కీస్ ఇంటికి శుభలేఖ వచ్చింది, వేరేవాళ్ళ చేత. పైన 'శ్రీమతి బిల్కీస్ బేగం గారికి' అని ఉంది. బిల్కీస్ ఆ 'గారు' దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. అయినా పెళ్ళికి వెళ్ళింది. సభలో కప్పిన శాలువాలో నన్ను చుట్టి పట్టుకుపోయి, ఫంక్షన్ హాల్లో చివరి వరసలో తన కుర్చీ కింద దాచింది. ఎందుకు తెచ్చావని అడిగితే ఏం చెప్పేదో తనకే తెలీదు.

వియ్యాలవారి బంతి మొదలైంది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు ఎదురుగా కూర్చుని పాట అందుకున్నారు. అనసూయ పప్పులో ఉప్పు లేదట, అనసూయకి సిగ్గు లేదట. తిరిగి అనడానికి ఆడపెళ్ళివారి వైపు ఎవరికీ పాట రాదు. పిల్లలు ఫోన్లో వెతుకుతున్నారు, సిగ్నల్ లేదు. కుర్చీ కింద బిల్కీస్ కాలి బొటనవేలు నా మీద తాళం వేస్తోంది. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అనసూయ వరసల మధ్యగా వచ్చింది. వంగి, శాలువా విప్పి, నా తోలు మీద అరచెయ్యి పెట్టింది. కమిలిన అంచు దగ్గర ఆ చెయ్యి ఆగింది.

"గ్యాస్ మీద పెట్టినవా ఆపా?"

బిల్కీస్ శాలువా కొసని ఆ మచ్చ మీదికి లాగింది.

"నేను సచ్చిన్నా?"

ఇంకేమీ అనకుండా నన్ను చంకనేసుకుని వంటవాళ్ళ దగ్గరికి పోయింది. పెళ్ళికూతురి తల్లి చెమటలు కక్కుతూ పులుసు గుండిగ పక్కన కూర్చుని ఢోలక్‌కి సెగ పెడుతుంటే వంటవాళ్ళు గరిటెలు ఆపి చూశారు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేలితో కొట్టి విన్నది. తిరిగొచ్చి బిల్కీస్ ఒళ్ళో పెట్టింది.

"ఇగో. ఆల్లను తర్వాత అందుకుందువు. ముందుగాల నన్ను తిట్టు."

"ఫోన్లు ఉన్నయి అనసూయా."

"ఉండనీ. అందరు ఇననీ."

బిల్కీస్ ముక్కు ఎగబీల్చి, నన్ను మోకాలి కిందికి లాక్కుంది. కడియాలు ఒక్క తోపు తోసింది.

"బంగారమంటే అలిగిందమ్మా మా అనసూయా,
ఇత్తడంటే నవ్విందమ్మా మా అనసూయా."

తర్వాత వియ్యపురాలి వంతు వచ్చింది. అవన్నీ ఇక్కడ చెప్పను. పాపం ఆవిడ నవ్వలేక విస్తరి ముందు నుంచి లేచి గోడకి ఆనుకుంది. ఎవరో వీడియో తీశారు. అది కూడా ఊరంతా తిరిగింది, మొదటిదానంత జోరుగా కాకపోయినా.

ఇప్పుడు నేను అదే గోడకి అవతలి వైపు మేకుకి వేలాడుతున్నాను. బిల్కీస్‌ని నమ్మి వదిలేస్తే మళ్ళీ కాలుస్తుందని అనసూయ నన్ను తెచ్చేసుకుంది. నా తోళ్ళు పలచబడ్డాయి, తాడు రెండుచోట్ల ముడేసి ఉంది. వాన పట్టిందంటే గోడ అవతలి నుంచి కేక వినబడుతుంది.

"అనసూయా, నా ఢోలక్ ఎట్లున్నది?"

"నీ లెక్కనే. కూసున్నకాడ మూలుగుతుంది."