బాగుండానని చెప్పరాదు

ఎవరి గురించైనా "బాగుండారు" అని చెప్పాలంటే ఉమారాణికి నోరు రాదు. అట్లా అంటే దిష్టి తగులుతుందని ఆమె భయం. బస్సు కాస్త ఆలస్యమైతే ఎక్కడో బోల్తా పడిందనుకుంటుంది. కొడుకు హరీష్ ఆదోనిలో మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి, ఫోను మోగి ఆగిపోతే చాలు, ఎమ్మిగనూరులో ఆమెకు అన్నం సహించదు.

ఆ మధ్య మిల్లు రెండుగా విడిపోయింది. నూనె వ్యాపారం పాత కంపెనీకే ఉండిపోయింది. నూలు మిల్లు కొత్త కంపెనీ అయింది. అన్నదమ్ములు వేరుపడితే ముసలివాళ్ళు ఎవరి వంతు అని మాట వస్తుంది కదా, అట్లాగే రిటైరైన నూలు కార్మికులు కొత్త కంపెనీ వంతుకు వచ్చారు. వాళ్ళ చిన్నపాటి పింఛనూ, ఆస్పత్రి ఖర్చూ ఇకమీదట ఆ కంపెనీ చూసుకోవాలి. అందుకని పాత కంపెనీ తన దగ్గరున్న నిధిలో కొంత పంచి ఇవ్వాలి. ఆ ముసలివాళ్ళు ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారో హైదరాబాదులో ఒకాయన అంచనా కడితే, దాన్నిబట్టి ఎంత ఇవ్వాలో తేలుతుంది; ఎక్కువేళ్ళు బతికేవాళ్ళుంటే ఎక్కువ, లేకుంటే తక్కువ. ఎవరు ఎట్లా ఉన్నారో కనుక్కుని ఆయనకు రాసి పంపే పని, పాత కంపెనీ ఆఫీసులోనే ఉండిపోయిన హరీష్‌కు అప్పజెప్పారు.

వాడు బస్సెక్కి రాలేదు. ఎండాకాలం. అమ్మకు ఫోను చేశాడు.

"మార్కండేయులు తాత ఎట్లుండాడుమా?"

"ఏం ఉండేదిలేప్పా. దగ్గు మొదలైతే వీధంతా మేలుకుంటాది. ఈ ఎండలు దాటితే గొప్ప."

"నందవరం జయన్న?"

"ఆయప్పా అంతే. మంచం దిగేది లేదంట."

ఊరివాళ్ళ మీద కొడుక్కి ఇంత ధ్యాస ఉందని ఆమె మురిసిపోయింది. ఎందుకడుగుతున్నావని అడగనే లేదు.

వానలు పడ్డాక ఒకరోజు మార్కండేయులు ఆమె ఇంటికి వచ్చాడు. నాలుగిళ్ళ అవతల ఉంటాడు. మిల్లు మానేశాక కొడుకు మగ్గానికి కండెలు చుట్టి ఇస్తూ కాలం గడుపుతున్నాడు. కంటి పొరకు ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు.

"ఆపరేషన్‌కు సగమే ఇస్తారంట అమ్మాయీ," అన్నాడు అరుగు మీద కూచుంటూ. "కొత్త కంపెనీ ఆయప్ప వచ్చి సెప్పిపోయినాడు. మీకని పాత కంపెనీ ఇచ్చే నిధే తక్కువ, మేమేం చేసేది అంటాడు. ఏంటికి తక్కువంటే, ఈడ శానామంది మంచాన పడినారని రాసినారంట. నేనూ పోయేవాళ్ళలో ఉండానంట. మార్కండేయులని పేరు పెట్టుకున్నోన్ని పట్టుకోని, సూడు."

నీళ్ళ చెంబు ఇవ్వబోతున్న ఉమారాణికి ఎండాకాలంలో కొడుకు చేసిన ఫోను గుర్తొచ్చింది.

"నిధి పంచే కాయితాల మీద సంతకాలు ఇంకా కాలేదంట. ఈ వారంలో ఐతాయంట. మీ హరీషు ఆడనే గదా ఉండేది. మమ్మల్ని ముందుగానే సాగనంపిన మహానుభావుడు ఎవురో కనుక్కోమను."

"సెప్తా మామా," అంది.

ఆయన వెళ్ళిపోయాక పొయ్యి ముందు కూర్చుంది గానీ పొయ్యి వెలిగించలేదు. నిజం చెబితే కొడుకు ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే వాడు ఏ అఘాయిత్యం చేసుకుంటాడో. ఆమె ఆలోచన ఎప్పుడూ అక్కడికే పోతుంది. చెప్పకపోతే ఆ ముసలాయన కన్ను పోతుంది. ఇంతలో నాలుగిళ్ళ అవతల దగ్గు వినబడింది. ఎప్పుడూ "అయ్యో" అనే మనిషి, ఈసారి చెవులు మూసుకుంది. తాను ఫోనులో అన్న మాటలే తిరిగి వచ్చినట్టనిపించింది.

తెల్లారి ఆయన ఇంటికి పోయింది. ఆయన రాట్నం తిప్పుతున్నాడు.

"రాసింది మా వాడే మామా. సెప్పింది నేను."

రాట్నం ఆగింది.

"నేను సచ్చిపోతానని సెప్పినావా?"

"ఎండలు దాటితే గొప్ప అంటి."

"దాటినాయి గదా."

ఆమె తల ఎత్తలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. చేతిలోని దారం సర్దుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు.

"మీ వాడు నాకూ ఫోను చేసినాడులే. బాగుండావా తాతా అంటే, ఏం బాగు నాయనా, నేడో రేపో అంటి. పిల్లోడు మర్యాదకు అడుగుతాండాడు అనుకుంటి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"అంగీ ఏసుకో మామా. ఆదోనికి పోదాం."

ఆఫీసులో హరీష్ వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. తాత మెట్లెక్కి వచ్చి, ఆయాసం కూడా లేకుండా వాడి బల్ల ముందు నిలబడ్డాడు. వాడి మొహం పాలిపోయింది.

"నేను సెప్పినానని రాస్తివే," అంది ఉమారాణి గొంతు తగ్గించి. "నేను పుట్టినప్పటి నుంచి ఎవురైనా బాగుండారని సెప్పినానా? నీకు జలుబు చేస్తే కూడా ఏడ్చేదాన్ని. నా సంగతి నీకు తెలీదాప్పా?"

అయినా పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. హరీష్ తానే వాళ్ళను లెక్కల మేనేజరు సుకన్య గదిలోకి తీసుకుపోయాడు.

"మేడం, ఎమ్మిగనూరు, నందవరం వాళ్ళను నేను పోయి చూడలేదు. ఈమె మా అమ్మ. ఈమె ఫోనులో చెప్పింది విని రాసినాను."

ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టింది. "తల్లి వచ్చేదాకా ఆ మాట చెప్పబుద్ధి కాలేదా?" అంది.

వాడు తల దించుకున్నాడు. ఆ మాట ఉమారాణికే ఎక్కువ తగిలింది. తాను పక్కన లేకుండా ఉంటే వాడికి అంత అవమానం జరిగేది కాదేమో. రాకపోతే మాత్రం ముసలాయన కన్ను ఏమయ్యేది?

సంతకాలు ఆపిస్తాననీ, ఒక్కొక్కరినీ కళ్ళతో చూసి మళ్ళీ రాయాలనీ, అంచనా మళ్ళీ కట్టించాకే నిధి పంచుతారనీ మేనేజరు చెప్పింది. హరీష్‌కు నోటీసు తప్పదంది. తరువాత ముసలాయన వైపు తిరిగింది.

"మీరు చెప్పండి పెద్దాయనా. ఎట్లున్నారు?"

"ఏముందిలే మేడం, ఏదో..."

ఉమారాణి మోచేత్తో పొడిచింది. మార్కండేయులు గొంతు సవరించుకున్నాడు. అబద్ధమాడేవాడిలా కళ్ళు దించుకున్నాడు.

"బాగుండాను."

"దగ్గు ఉందని రాశారే?"

"దూదిలో పని చేసినోనికి దగ్గు లేకుండా ఎట్ల మేడం? నలభై ఏండ్ల నుంచి దగ్గుతానే ఉండా. కన్నొకటే మసక. తక్కినదంతా బాగుండాను."

ఆ మాట గదిలో రెండోసారి, అంత గట్టిగా వినబడేసరికి ఉమారాణికి భయమేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన వైపు తిరిగి, మెల్లగా థూ థూ థూ అని దిష్టి తీసింది. మేనేజరు చూసింది. హరీష్ చూశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, ఇంకోసారి థూ థూ థూ అంది.