మూగ పాత్రకు కట్టిన చీర

నేను ఒక చీరను. చీరాల వైపు మగ్గం మీద పుట్టిన నేతచీరను. వంకాయ రంగు ఒళ్ళు, ఆవపువ్వు రంగు అంచు. ముందుగా మా అక్క మీద ఒక ఫిర్యాదు. ఒకే పడుగు మీద, ఒకే నేతగాడి చేతిలో, నాకంటే కాస్త ముందు పుట్టింది. అంతమాత్రానికే ఎక్కడలేని పెద్దరికం. బీరువా పై అరలో కలరా ఉండల వాసన పీలుస్తూ కూర్చుని, ఏడాదికోసారి వ్రతానికి బయటికొచ్చి, పట్టుచీరల మధ్య తానూ పట్టేనన్నట్టు ముడుచుకుంటుంది. నాకేమో ట్రంకు పెట్టె. తేడా ఎక్కడొచ్చిందంటే, ఇస్త్రీ దగ్గర.

మమ్మల్నిద్దరినీ కొన్నది రాజ్యశ్రీగారు. ఆవిడ భర్త గోపీనాథంగారు విశ్వవిద్యాలయంలో సోషియాలజీ మాస్టారు. విద్యార్థుల నాటికలూ, పాటల పోటీలూ అన్నీ ఆయన చేతిమీదుగానే జరగాలి. ఒక ఉదయం ఆవిడ నన్ను ఇస్త్రీ చేస్తుంటే, ఆయన ‘ఇంటిపని విలువ’ అనే ఉపన్యాసం రాసుకుంటూ పెన్నులో సిరా అయిపోయిందని కేకేశారు. ఆవిడ ఇంకో పెన్ను వెతికిచ్చి వచ్చేసరికి నా పైట మీద గోధుమరంగు మచ్చ పడింది. “డ్రామాలకి పనికొస్తుందిలే, ఇలా ఇవ్వు,” అన్నారాయన. ఉపన్యాసానికి చప్పట్లు బాగానే పడ్డాయట.

అలా నేను కళాకారిణినయ్యాను. విశ్వవిద్యాలయంలో ఆయన గదిలో ఉండే ట్రంకులో నా పొరుగువాళ్ళు ఒక ఖాకీ చొక్కా, ఒక నల్లకోటు, ఒక పెట్టుడు గడ్డం. ఖాకీ ఎప్పుడూ కొడుతుంది, కోటు ఎప్పుడూ అమ్ముడుపోతుంది, గడ్డం ఎప్పుడూ నీతి చెబుతుంది. నేను చస్తాను. ఏటా యువజనోత్సవానికి ఒక సాంఘిక సమస్య ఎంచుకుంటారు. ఏది ఎంచుకున్నా చావు నాదే. వరదలో పోయాను, చేతబడి నెపం మీద పోయాను, ఆకలితో పోయాను. ఒక్క ఏడు కథలో బతికి బయటపడితే కన్సొలేషన్ బహుమతి కూడా రాలేదు. ఆడపిల్లల హాస్టల్ గేటు చీకటి పడకముందే మూసేస్తారు, రిహార్సల్సు చీకటి పడ్డాకే మొదలవుతాయి. అందుచేత ‘స్త్రీ స్వేచ్ఛ’ నాటికలో నన్ను కట్టుకున్నది వాలీబాల్ ఆడే ఒక అబ్బాయి. జారకుండా బెల్టు పెట్టుకున్నాడు. స్వేచ్ఛ సంగతేమోగాని నాకు ఊపిరాడలేదు.

మొదటిసారి నన్నొక ఆడపిల్ల కట్టుకున్నది సువార్త వచ్చిన ఏడే. రోజూ ఊరినుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్ల కాబట్టి గేటు గొడవ లేదు. చాన్నాళ్ళు క్లాసులకు రాలేదని మాస్టారు ఆమెను గదికి పిలిపించారు.

“ఏమైపోయావమ్మా ఇన్నాళ్ళూ?”

“మా దీవెనక్క చనిపోయిందండి, సార్.”

చెప్పింది. బావ తాగొచ్చి కొట్టి, బయట గొళ్ళెం పెట్టి పోయాడు. తెల్లారి తలుపు తీస్తే అక్క ప్రాణాలతో లేదు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఆయన చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆ ఏటి ఇతివృత్తం గృహహింస. వారం తిరక్కుండా అది మూకాభినయమై వచ్చింది. మాట ఉండదు, సైగలతోనే కథంతా. మూలన కూర్చున్న ఇల్లాలు మోకాళ్ళ మీద తల వాల్చి కన్నుమూస్తుంది. చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతాయి.

“నువ్వే చెయ్యాలి, సువార్తా. నీకైతే ఫీలింగ్ దానంతటదే వస్తుంది.”

ఒప్పుకుంది. అక్క సంగతి నలుగురికీ తెలియాలనుకుంది పాపం. కానీ రిహార్సల్లో తల వాల్చే చోటికి వచ్చేసరికి ఆగిపోయింది.

“సార్, అక్క ఇట్టా ఊరుకోలేదండి. అరిచింది. వీధిలో వాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచిందంట.”

“నీకెవరు చెప్పారు?”

“వాళ్ళేనండి. శవం కాడ కూర్చోని వాళ్ళే చెప్పుకున్నారు, నన్నూ పిలిచింది, నన్నూ పిలిచింది అని. మొగుడూ పెళ్ళాల గొడవలే అనుకున్నారంట.”

పెట్టుడు గడ్డం పట్టుకున్న కుర్రాడు దాన్ని కింద పెట్టేశాడు.

“నోరు తెరిచి అరిచినట్టు చూపిస్తానండి. చప్పుడు రానివ్వను. అక్క నోరు మూసుకోని పోయిందనుకుంటే ఎట్టా, సార్?”

మాస్టారు ఆలోచించారు. ఎంతో దయగా చెప్పారు. “అరిస్తే జాలి పలచబడుతుందమ్మా. నిశ్శబ్దంగా పోతేనే హాలు ఏడుస్తుంది. నా మాట విను, అనుభవం మీద చెబుతున్నా.” సువార్త నా కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

పోటీ రోజు హాలు నిండిపోయింది. సువార్త బాగా చేసింది. దెబ్బ తగిలినప్పుడల్లా ముందువరసలో ముక్కులు ఎగబీలుస్తున్నారు. తల వాల్చే చోటు వచ్చింది. కొవ్వొత్తులవాళ్ళు అగ్గిపుల్లలు గీశారు. ఆమె తల వాల్చలేదు. లేచి, నా కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, తలుపు ఉండాల్సిన చోటికి నడిచింది. గాలిని అరచేతులతో బాదింది. అంతవరకూ నియమం ప్రకారమే. తర్వాత గొంతు వచ్చింది.

“రాహేలు పిన్నీ, తలుపు తియ్యి. సుందరం మామా, ఉండావుగా, తలుపు తియ్యి. కోటమ్మత్తా, నీ దీపం కనపడతానే ఉంది. తలుపు తియ్యత్తా.”

ఒక్కొక్క ఇంటినీ పిలిచింది. ఆ గొంతుకి నా అంచు పోగులు కూడా వణికాయి. అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలి ఎవరో చెయ్యి విదిలించారు. అంతమంది జనంలో ఒక్కరూ కదల్లేదు. ఆ వీధి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. ఇంతలో న్యాయనిర్ణేతల బల్ల మీద గంట మోగింది.

“మూకాభినయంలో మాట్లాడకూడదని తెలీదా అమ్మా?” అన్నారు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

“తెలుసండి.”

“మరి మీ మాస్టారు చెప్పలేదా?”

“చెప్పారండి.”

“ఈ బృందాన్ని పోటీలోంచి తొలగిస్తున్నాం. క్రమశిక్షణ లేకుండా...”

సువార్త దిగలేదు. ఆయాసపడుతూ అక్కడే నిలబడింది. చెమటకి నేను ఆమె వీపుకి అంటుకుపోయాను. తెర లాగేవాడు లాగాలో వద్దో తెలియక తాడు పట్టుకుని చూస్తున్నాడు. పక్కనుంచి గోపీనాథంగారు వేదిక ఎక్కారు. తిట్టడానికే అనుకున్నాను. ఏ సభలోనైనా మైకు అందగానే రెండుసార్లు ఊది, గొంతు సవరించుకునే మనిషి. ఈసారి మైకు దగ్గరికే పోలేదు. ఆమె పక్కన నిలబడి, నావైపు, నా మచ్చవైపు కాసేపు చూసి, హాలు వైపు తిరిగారు.

“తొలగించండి, అది మీ నియమం. క్రమశిక్షణ మాట మాత్రం వెనక్కి తీసుకోండి,” అన్నారు. “వీళ్ళక్క అరిచింది. ఆ సంగతి ఈ పిల్ల నాకు ముందే చెప్పింది. బాగుండదని ఆ అరుపు తీసేయించింది నేను. తప్పు నాది.”