చెత్త అని పేరు పెట్టినవి

రికార్డింగ్ స్టూడియోలో సర్వర్ మళ్లీ నిండిపోయింది. చోటు చెయ్యమని ఓనరు పొద్దుటి నుంచి చెవిలో జోరీగలా ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి నిన్ననే పనిలోకి వచ్చిన చీపురమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్కర్లేని ఫైళ్లు ఊడ్చేది ఆమె కాబట్టి ఆ పేరు. పెట్టింది సొంత పిన్నే.

ఆ పిన్ని ఏళ్ల తరబడి ఇక్కడే పుస్తకాలు చదివి రికార్డు చేసింది. నాలుక తడబడితే ఆ ముక్కకు 'చెత్త' అని పేరు పెట్టి, మళ్లీ మొదటి నుంచి అందుకునేది. శుక్రవారం రాగానే చీపురమ్మ కంప్యూటర్లో ఆదేశాలు టైపు చేసే నల్లతెర మీద 'ఫైండ్' అని కొట్టి, ఆ పేరున్నవన్నీ వెతికి, అదే వరస చివర 'డిలీట్' తగిలించేది. అక్కడ చెత్తబుట్ట ఉండదు, పోయిందంటే పోయినట్టే. అందుకే ముందు ఒకటైనా విని చూడందే ఎంటర్ నొక్కేది కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇవాళ వినే ఓపిక కూడా లేదు. వరసంతా కొట్టేసింది, ఎంటర్ ఒక్కటే మిగిలింది. అలవాటు ఊరుకోనివ్వక, విసుక్కుంటూనే ఒక ఫైలు తెరిచింది.

పిన్ని గంభీరంగా చదువుతోంది. ఉన్నట్టుండి తడబడింది.

"ఛీ, నా నాలుక తగలెయ్య! ఒసేయ్ చీపురమ్మా, టీ చల్లారిపోయిందే. ఇంకో కప్పు పట్రా!"

చీపురమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గొంతు ఆపరేషనయ్యాక పిన్ని ఒక్క మాటా మాట్లాడలేదు, ఇక ఎప్పటికీ మాట్లాడే వీలూ లేదు. తను చదివిన పుస్తకాలు వినిపించబోతే ఆపించేసి, 'అది పుస్తకం గొంతు' అని పలక మీద రాస్తుంది. అసలు గొంతు, ఆ తిట్లూ ఆ నవ్వులూ, చెత్తలోనే ఉండేవి. వాటిని వారం వారం ఊడ్చిపారేసింది తనే. ఆసుపత్రి కోసం సెలవు పెట్టబట్టి ఈ చివరివి మాత్రం బతికాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

'డిలీట్'ను ఒక్కో అక్షరమే చెరిపేసి, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఫోను మోగింది. మళ్లీ ఓనరే.

"ఏమ్మా, ఆ చెత్త తీసేశావా?"

"లేదండీ. అది ముట్టుకోను. పాత బ్యాకప్పులు తీసేస్తున్నా, ఇంకాస్త ఆగండి."

సాయంత్రం ఇంట్లో వినిపించింది. పిన్ని మొదట బిగుసుకుపోయింది. టీ మాట రాగానే చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని, పక్కనున్న ఖాళీ కప్పు ఎత్తి బోర్లించి చూపించింది.

చీపురమ్మకు నిలబడే సత్తువ లేదు.

"పెడుతున్నా పిన్నీ" అంటూ లేచి, పొయ్యి వెలిగించింది.